హకారం మీద గుడి

అప్పట్లో అక్షరానికి అర్ధరూపాయి.
కురుపాం మార్కెట్ సందులో మా మావయ్య కొట్టు.
షీల్డులు, కప్పులు, రబ్బరు స్టాంపులు,
పోయినవాళ్ల ఫొటోల కింద తారీఖులు.
నేను సన్న ఉలి పట్టి మూడు నెలలు.
షిప్‌యార్డు కాలనీ నాటిక పోటీలవాళ్లు
సాయంత్రానికల్లా పదకొండు షీల్డులు కావాలన్నారు.
ఎనిమిదోది: ఉత్తమ నటి, విశాఖ హంసవేణి.

తొందరలో
హకారం మీద గుడి పడిపోయింది.

ఇత్తడి మీద తప్పు చెరపడానికి రబ్బరుండదు.

మర్నాడు రిక్షా దిగింది ఆవిడ,
చెవుల వెనక ఇంకా నిన్నటి పౌడరు.
స్టేజీ మీద చూసిన రాణి ఎత్తు లేదు.
"ఎవుడ్రా ఇది సెక్కినోడు?"
మావయ్య చెయ్యి నా జుట్టు మీదికొచ్చింది.
ఆవిడ షీల్డుని వెలుతుర్లోకి తిప్పి
హింసవేణి, హింసవేణి అని రెండుసార్లు
పద్యానికి ముందు శృతి చూసుకున్నట్టు చదువుకుని
నవ్వింది.
"మా ఇంట్లో సంగతి నీకెవుడు సెప్పేడు బాబూ?
ఉంచీ. దీన్నిలాగే ఉంచీ."
గాజులు పైకి జరిగినచోట
ముంజేతి మీద, ఏ మేకప్పుదీ కాని నీలం.

తర్వాత ముప్పయ్యేళ్లు ఆ పేరు చెక్కుతూనే ఉన్నాను.
అసలు పేరు గేదెల నూకాలు.
నూకాలు అని ఎవరూ చెక్కించలేదు,
చెక్కిస్తే రూపాయిన్నరే.

పరిషత్తుల రోజుల్లో ఒకే రాత్రి మూడు సమాజాలకి వేసేది.
పోర్టు కుర్రాళ్లకి తల్లి, రైల్వేవాళ్లకి కోడలు,
టెలిఫోన్స్ వాళ్లకి లేడీ ఇనస్పెక్టరు.
చీర మార్చుకునే ఆ కాసేపే విశ్రాంతి.
తనతో తనే పోటీ పడి
మూడో వేషం చేతిలో మొదటి రెండూ ఓడిపోయేవి.
కవరు అందందే ముఖానికి రంగు తగలనిచ్చేది కాదు.
బల్బు కింద తడివేలితో నోట్లు లెక్కపెట్టి, రవికలో దోపుకుని,
మరునిమిషంలో కొడుకు శవం మీద పడి గొల్లుమంటే
కవరిచ్చిన సెక్రటరీయే కండువాతో ముక్కు తుడుచుకునేవాడు.

పాతూరంతా అప్పుడు ఇనపరాతి ధూళి.
ఆరేసిన బట్టలూ, వాకిట్లో ముగ్గూ అన్నీ ఎరుపే.
ఆవిడ చెంపల మీది ఎరుపు ఊరిదా, వేషానిదా
ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు తేల్చుకోలేకపోయేవారు.
"ఏం చేస్తుంటారు?"
"కుట్టుపనండి."
అబద్ధమేం కాదు. రాణుల చీరలకి చమ్కీలు తనే కుట్టుకునేది.

గాజువాకలో ఓ రాత్రి సీను మధ్యలో కరెంటు పోయింది.
ఆవిడ ఆపలేదు.
నాలుగు నిమిషాలు చీకట్లో ఒక్క గొంతు.
బీ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు,
టిఫిను క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని,
ఒక్కడు అగ్గిపుల్ల గీయలేదు.
దీపాలొచ్చాక చూస్తే స్టేజీ అంచున నిలబడి ఉంది,
ఇంకో అడుగేస్తే గొయ్యి.
నేనున్నానక్కడ. ఇప్పటికీ ఆ డైలాగు గుర్తులేదు,
ఊపిరి తీసుకున్న చోట్లే గుర్తు.

తర్వాత ఫైబరు షీల్డులొచ్చాయి, స్టిక్కరు పేర్లొచ్చాయి.
ఉత్తమ నటిని ఇప్పుడు కంప్యూటరు కత్తిరిస్తోంది.
తుపాను మా కొట్టు రేకులు ఎత్తుకుపోయింది.

ఆ తుపాను అయిన నెలకి
ఆటోలో వచ్చింది, గోనెసంచి నిండా షీల్డులతో.
ఇత్తడి తూకానికి, చెక్క పొయ్యిలోకి.
"సోటు లేక కాదు బాబూ, తుడవలేక."
ఒక్కటి మాత్రం సంచిలో లేదు,
చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.
"ఆడు పోయి ఇయ్యాల్టికి పదకొండో రోజు.
ఈ గుడి తీసీ."

గీశాను. ముతక ఆకురాయి, తర్వాత సన్నది,
చివర్న పాతగుడ్డతో పాలిష్.
లోతుగా దించాను అప్పట్లో,
కొత్త చెయ్యికి భయం ఎక్కువ, భయానికి బలం ఎక్కువ.
కంటికి పోయింది.
ఆవిడ బొటనవేలితో తడిమి చూసుకుంది,
పల్లం తగిలే ఉంటుంది, ఏమీ అనలేదు.

"ఎంత?"
"చెక్కినదానికే గానీ తీసినదానికి రేటు లేదమ్మా."
"పెట్టుకో," అంది ఆటో ఎక్కుతూ,
"ఇంకా వస్తారు."

గోనెసంచి ఇంకా తూకానికి పంపలేదు నేను.